గొలుసులో రెండోవాడు

పన్నెండేళ్ళు కబడ్డీ ఆడి బతికాను. ఎనభై కిలోల మనిషి మీదికి దూసుకొస్తుంటే ఎదురెళ్ళి నడుం పట్టుకోవడం నా ఉద్యోగం. దానికి ఏనాడూ జంకలేదు. కానీ బ్యాంకు నుంచి ఫోనొస్తే మాత్రం అరచేతులకు చెమటలు పట్టేవి. నా పేరు టైపు చేసిన కవరు ఏదైనా ఇంటికొస్తే రెండ్రోజుల దాకా చింపేవాణ్ణి కాదు. నవ్వుకోండి, పర్లేదు. మా అమ్మ కూడా నవ్వేది.

అమ్మ పంజాగుట్టలో ఒక ఆసుపత్రిలో నర్సు. డాడీ సిటీ బస్సు నడిపి రిటైరయ్యాడు. అమీర్‌పేటలో కోచింగ్ సెంటర్ల వెనక సందులో రెండు గదుల అద్దె ఇల్లు మాది. కిందంతా జిరాక్స్ షాపులు, పైనంతా హాస్టళ్ళు, మధ్య అంతస్తులో మేము. కబడ్డీ లీగ్‌లో మొదటి సీజన్ డబ్బు వచ్చినప్పుడు ప్రథమ ఫలమని కొంత చర్చిలో ఇచ్చాం. మిగిలింది బ్యాంకులో పడేసి అటువైపు చూడకుండా ఉండటమే నాకు తెలిసిన పొదుపు. నాలుగు సీజన్లు అలాగే గడిచాయి. డబ్బు ఎంత పెరిగిందో నాకు తెలీదు, భయం మాత్రం బాగా పెరిగింది.

ఆ భయానికి ఒక మనిషి రూపం ఉంది. మెట్రో స్టేషన్ కింద ఒక బట్టల షాపు ముందు బండ్ల పార్కింగ్ చూసుకునే అంకుల్. మా చర్చికే వచ్చేవాడు. వయసులో ఉన్నప్పుడు రాష్ట్రం తరఫున ఫుట్‌బాల్ ఆడాడట. ఇప్పుడు మెడలో ఒక విజిల్, చేతిలో టోకెన్ల కట్ట. నేను కనపడితే చాలు, ఒకటే అడిగేవాడు: "మోకాళ్ళు మంచిగున్నయా బిడ్డా?" ఆట ఎట్లా ఉంది, జీతం ఎంత, పెళ్ళెప్పుడు, ఇవేవీ అడిగేవాడు కాదు. మంచిగున్నయ్ అంకుల్ అని చెప్పి గబగబా మెట్లెక్కేసేవాణ్ణి. ఆయన మోకాళ్ళ వైపు చూడాలన్నా నాకు ధైర్యం చాలేది కాదు.

నాలుగో సీజన్ ఆఖరి మ్యాచ్ తర్వాత ఆ జవాబు అబద్ధమైపోయింది. ఆ మ్యాచ్‌లో కూతకొచ్చిన రైడర్‌ని లాగి పడేసినప్పుడు నా కుడి మోకాలిలో పుల్ల విరిగినట్టు చిన్న చప్పుడైంది. ఆ జనం అరుపుల్లో ఎవరికీ వినపడలేదు, నాకు వినపడింది. జట్టు డాక్టరుకి చెప్పలేదు. చెబితే ఆ మాట ఆటగాళ్ళ వేలం దాకా పోతుంది, వేలంలో నా పేరు చదివినప్పుడు ఒక్క చెయ్యి కూడా లేవదు. అందుకని టోపీ, మాస్కు పెట్టుకుని బేగంపేటలో ఒక డాక్టరు దగ్గరికి దొంగలా వెళ్ళాను. చీటీ మీద డాడీ పేరు రాయించాను. ఇంకో సీజన్, ఆ తర్వాత నీ అదృష్టం అన్నాడాయన. పై ప్రాణాలు పైనే పోయాయి. బయటికొచ్చి బస్టాపులో కూర్చుంటే మూడు బస్సులు వెళ్ళిపోయాయి, ఏదీ ఎక్కలేదు.

ఇంట్లో కూడా చెప్పకూడదనే అనుకున్నాను. నేను మెట్లెక్కే తీరు చూసి అమ్మే పట్టేసింది. ముప్ఫై ఏళ్ళ అనుభవమున్న నర్సు దగ్గర కాలు దాచగలమా. డాక్టరన్న మాట కూడా చెప్పేశాను. ఐసు కట్టిచ్చి పక్కన కూర్చుని, "దీపం ఉండంగనే ఇల్లు చక్కబెట్టుకోవాలె బిడ్డా," అంది. ఆ మాటకు నాకు ధైర్యం రాకపోగా, దీపం ఎంతసేపుంటుందో అనే దిగులు పట్టుకుంది.

ఇప్పుడు అన్న గురించి చెప్పాలి. సొంత అన్న కాదు, ఆటలో అన్న. నాకంటే ఏడేళ్ళు పెద్ద. జట్టులో ఏడుగురం వరసగా నిలబడతాం. చివర్లో నిలబడేవాణ్ణి కార్నర్ అంటారు, అది అన్న. ఆయన పక్కనే ఆయన చెయ్యి పట్టుకుని నిలబడే రెండోవాణ్ణి నేను. ఇద్దరం చేతులు కలిపి నిలబడితే దాన్ని గొలుసు అంటారు. మ్యాట్ మీద మాట్లాడుకోవడానికి టైముండదు, మాటలన్నీ చేతుల్లోనే. ఆయన నా చెయ్యి నొక్కితే ఇద్దరం కలిసి రైడర్ మీదికి దూకాలి. ఎందుకు, ఏమిటి అని ఆలోచించకూడదు. ఆలోచిస్తే రైడర్ గీత దాటేస్తాడు. నేను ఆయన చెయ్యి వెనక్కి గుంజితే ఆయన ఆగాలి. నొక్కడం ఆయన పని, గుంజడం నా పని. చివర నిలబడేవాడికి రైడర్ కాళ్ళే కనిపిస్తాయి, పక్కవాడికి మొత్తం కనిపిస్తుంది. అందుకే ఆ పద్ధతి. ఎన్ని వందలసార్లు నొక్కాడో లెక్కలేదు. నేను గుంజింది తక్కువే. గుంజిన ప్రతిసారీ ఆగాడు, ఎందుకు గుంజావని ఒక్కసారి కూడా అడగలేదు.

అన్న అప్పటికి ఆట మానేసి రెండేళ్ళయింది. యూసుఫ్‌గూడలో అద్దెకుండేవాడు. లీగ్ డబ్బుతో ఊరి చివర ఒక ప్లాటు కొని వదిన పేరు మీద రాయించాడు. ఆయనకున్నదల్లా ఆ ప్లాటే. ఒకరోజు పంజాగుట్ట ఇరానీ హోటల్‌కి రమ్మన్నాడు. చాయ్ వచ్చేలోపే సంగతి మొదలుపెట్టాడు. జొన్నలు, రాగులు, సజ్జలతో ఆటగాళ్ళ కోసం ప్రోటీన్ పొడి తయారుచేసే కంపెనీ ఒకటి ఉందట. ఇంకా షేర్ మార్కెట్‌కి రాలేదు, బయటివాళ్ళను రానివ్వరు, మనం ఆటగాళ్ళం కాబట్టి మనకు వాటా ఇస్తారట. ఏడేళ్ళ దాకా డబ్బు తియ్యడానికి లేదు, ఆ తర్వాత మాత్రం ఒకటికి పదింతలట. ఆయన కళ్ళు మెరిసిపోతున్నాయి. మోసగాడు కాదు మా అన్న. చెప్పేది ముందు తాను నమ్మాకే చెబుతాడు.

"ప్లాటు అమ్ముతున్న తమ్మీ. నువ్వు సుత రావాలె. ఒక్కన్ని పోను, ఇద్దరం కలిసే దూకుదాం," అన్నాడు.

నేను వెంటనే సరే అన్నాను. ఏం కంపెనీ, ఎవరిది, లాభమెక్కడిది, ఒక్క ముక్క అడగలేదు. డబ్బంటే వణికిపోయే మనిషిని, కవరు చింపడానికి రెండ్రోజులు తీసుకునేవాణ్ణి, నాలుగు సీజన్ల కష్టాన్ని చాయ్ చల్లారేలోపు ఇచ్చేస్తానన్నాను. ఇప్పుడు తలుచుకుంటే నా మీద నాకే కోపమొస్తుంది. చెయ్యి నొక్కితే దూకడం పదేళ్ళుగా ఒంటికి పట్టేసింది మరి.

ఇంటికొచ్చి అమ్మకు చెబితే, మడతపెడుతున్న యూనిఫాం అలాగే పట్టుకుని నిలబడిపోయింది. తిట్టలేదు. మర్నాడు డ్యూటీ దిగగానే నన్ను ఒకావిడ దగ్గరికి లాక్కెళ్ళింది. ఆవిడ భీమవరం వైపు నుంచి వచ్చి అమీర్‌పేటలో స్థిరపడ్డ ఆడిటరు. వాళ్ళత్తగారు ఆసుపత్రిలో ఉన్నప్పుడు అమ్మే చూసుకుంది. కర్రీ పాయింట్ పైన చిన్న ఆఫీసు, గది నిండా గుత్తివంకాయ వాసన, బల్ల నిండా ఫైళ్ళు. ఆ ఫైళ్ళు చూడగానే నాకు లేచి వెళ్ళిపోవాలనిపించింది.

ఆవిడ అంతా విని, "మీ వయసెంత బాబూ?" అనడిగింది.

ఇరవై తొమ్మిదని చెప్పాను.

"ఇంకా ఎన్నేళ్ళు ఆడతారండీ?"

అమ్మ వైపు చూశాను. అమ్మ తలదించుకుని, "ఒక్క సంవత్సరం మేడం," అంది. ఆ మాట నాలుగు గోడల మధ్య పరాయి మనిషి ముందు వినపడటం అదే మొదటిసారి. ఎవరైనా విన్నారేమోనని తలుపు వైపు చూశాను.

"ఆట ఏడాదిలో అయిపోతుంది. డబ్బేమో ఏడేళ్ళకి గానీ బయటికి రాదంటున్నారు. మరి మధ్యలో ఆరేళ్ళు ఏంటి తింటారు?" అందావిడ. వేళాకోళంగా అనలేదు. నిజంగానే జవాబు కోసం చూసింది.

తర్వాత గంటసేపు ఓపిగ్గా చెప్పింది. ఉద్యోగస్తుడికి ముప్ఫై ఏళ్ళు జీతం వస్తుంది, తప్పు చేసినా దిద్దుకునే టైముంటుంది. ఆటగాడికి ఐదారేళ్ళలో వచ్చింది నలభై ఏళ్ళు రావాలి. కాబట్టి ముందు ఆపరేషన్‌కి, ఇంటి ఖర్చుకి, అనుకున్నప్పుడు తీసుకోగలిగే చోట కొన్నేళ్ళ డబ్బు పక్కన పెట్టాలి. ఆరోగ్య బీమా ఉండాలి. మిగిలింది నెమ్మదిగా, రకరకాల చోట్ల, తొందరపడకుండా పెంచుకోవాలి. ఇలాంటి ప్రైవేటు కంపెనీల వంతు అన్నిటికంటే ఆఖరున రావాలి, అదీ పోయినా ఏడవనంత మాత్రమే. ఎంత అని అమ్మ అడిగింది. పదో వంతు మించకుండా అని ఆవిడ చెప్పగానే, "అంటే దశమ భాగం, దేవునికిచ్చినంత," అంది అమ్మ. ఇద్దరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

ఆవిడ ఒక జిరాక్స్ కాగితం వెనక మూడు ప్రశ్నలు రాసిచ్చింది. ఆడిట్ అయిన లెక్కలు చూపిస్తారా? నడిపేవాళ్ళ సొంత డబ్బు ఇందులో ఎంత ఉంది? ఏడేళ్ళ లోపు నాకు డబ్బు అవసరమైతే బయటికి వచ్చే దారి ఏంటి? మూడో ప్రశ్న దగ్గర నేను ఆగిపోయాను. రైడర్ ఊపిరి బిగబట్టి అవతలికి వెళ్తాడు, అడుగు పెట్టేముందే తిరిగొచ్చే దారి చూసుకుంటాడు. మేం డిఫెండర్లం. మా గడిలోనే నిలబడతాం. తిరిగి రావడం గురించి జన్మలో ఆలోచించలేదు.

"వీటికి కాగితం మీద జవాబిస్తేనే కూర్చోండి. నోటి మాటైతే లేచి వచ్చేయండి. మీ అన్నగారికి కూడా ఇది చూపించండి, మర్చిపోకండి," అందావిడ.

మర్చిపోలేదు. ఆ సంగతి ముందే చెబుతున్నాను.

సంతకాలు రెండ్రోజుల తర్వాత. పంజాగుట్టలో ఫ్లైఓవర్ పక్కన ఒక బిల్డింగు, ఆరో అంతస్తు. ఖైరతాబాద్ గణపతిని చూడ్డానికి వచ్చే జనంతో రోడ్లన్నీ నిండిపోయి అన్న ఆలస్యంగా వచ్చాడు. కాగితం నా చొక్కా జేబులో ఉంది. కింద నిలబడ్డంతసేపూ తడిమి చూసుకుంటూనే ఉన్నాను. లిఫ్టులో ఇద్దరమే ఉన్నాం, అప్పుడు చూపిద్దామనుకున్నాను. కానీ అన్న ఆగకుండా మాట్లాడుతున్నాడు. ప్లాటుకు బేరం కుదిరిందట, పదిహేను రోజుల్లో రిజిస్ట్రేషనట, వదిన మొదట ఏడ్చి తర్వాత ఒప్పుకుందట. ఆయన కొత్త చొక్కా వేసుకొచ్చాడు. నాలుగు, ఐదు, ఆరు. తలుపులు తెరుచుకున్నాయి.

కంపెనీ నడిపే ఆయన చాలా మర్యాదస్తుడు. ఇద్దరికీ చెరో పొడి ప్యాకెట్ ఇచ్చాడు. మోకాళ్ళకు ఇది చాలా మంచిదని నా వైపు చూసి నవ్వాడు. ఊరికే చెప్పాడా, తెలిసి చెప్పాడా? ఆయనకు అన్ని జట్ల మేనేజర్లూ స్నేహితులేనట, వచ్చే నెల వేలంలో వాళ్ళ పక్కనే కూర్చుంటాడట. ఆ మాట వినగానే నా జేబులోని కాగితం బరువెక్కింది. మూడో ప్రశ్న అడిగితే ఈయన ఏమంటాడు? ఇరవై తొమ్మిదేళ్ళవాడివి, ఇంకా ఆరేడేళ్ళు ఆడతావు, ఇప్పుడే డబ్బు వెనక్కి ఎందుకంటాడు. అప్పుడు నా మొహం చూస్తే చాలు. తెల్లారేసరికి పది జట్లకూ తెలిసిపోతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

కాగితాలు మా ముందు పెట్టారు. చదవడానికి ఎవరూ టైమివ్వలేదు, మేమూ అడగలేదు. సంతకం పెట్టాల్సిన చోటల్లా పసుపుపచ్చ చీటీలు అంటించి ఉన్నాయి. అన్న బల్ల కింద నా చెయ్యి పట్టుకుని గట్టిగా నొక్కాడు.

నా ఒళ్ళంతా ముందుకు దూకింది. ఉత్తమాట కాదు, నిజంగానే కుర్చీ అంచుకు వచ్చేశాను, కుడి చెయ్యి పెన్ను మీద పడింది. ఆ ఊపులో బల్ల కింద కాలు మెలిపడి మోకాలు కలుక్కుమంది. ప్రాణం పోయినంత నొప్పి. మొహం మారకుండా పళ్ళు బిగించాను. ఆ నొప్పిలో ఒక్కటే గుర్తొచ్చింది, మధ్యలో ఆరేళ్ళు. పెన్ను వదిలేశాను.

"ఇంట్ల ఒప్పుకుంటలేరన్నా," అన్నాను. అబద్ధం. పిరికి అబద్ధం.

అన్న నా వైపు తిరిగాడు. బల్ల కింద ఆయన చెయ్యి ఇంకా నా చేతిలోనే ఉంది. నేను గుంజుతానేమోనని చూస్తున్నాడు. అది నాకు అప్పుడే తెలుసు, తర్వాత తట్టింది కాదు. ఒక్కసారి వెనక్కి గుంజితే చాలు, ఎందుకని అడగకుండా లేచొచ్చేవాడు. ఎదురుగా కూర్చున్న ఆయన నన్నే చూస్తున్నాడు. నేను అన్న చెయ్యి మెల్లగా వదిలేశాను.

"డిఫెండర్లకు భయమెందుకన్నా?" అన్నాడు కంపెనీ ఆయన నవ్వుతూ.

ఆటగాళ్ళను నాలుగు మంచి మాటలతో ఆపొచ్చేమో గానీ, భయపడ్డావా అని అడిగాక ఎవరూ ఆపలేరు. అన్న ఛాతీ విరిచి కూర్చున్నాడు. పసుపు చీటీ ఉన్న ప్రతిచోటా సంతకం పెట్టాడు. ఒక్కడే.

రిజిస్ట్రేషన్‌కి ఇంకా పదిహేను రోజులుంది. డబ్బు అప్పుడే చేతులు మారేది. అంటే నాకు పదిహేను రోజులు దొరికాయి. రోజూ పొద్దున లేవగానే ఇవ్వాళ చెబుదామనుకునేవాణ్ణి. చెబితే అన్న ఊరుకోడు, నిజాయితీ మనిషి, నేరుగా వెళ్ళి కంపెనీ ఆయన్ని అడిగేస్తాడు, ఈ ప్రశ్నలు ఎవరివంటే నా పేరు చెబుతాడు. వేలం కానీ, ఆ తర్వాత చెబుదాం అనుకున్నాను. ఫోను తీసి, నంబరు చూసి, పెట్టేసేవాణ్ణి. పదమూడో రోజు యూసుఫ్‌గూడ దాకా వెళ్ళాను. వాళ్ళ గల్లీ మొదట్లో టీ తాగి తిరిగొచ్చేశాను. థూ, ఏం బతుకురా అనిపించింది.

వేలంలో నన్ను కొన్నారు. మొదట ఫోను చేసి సంతోషపడింది అన్నే. ఆరో మ్యాచ్‌లో మోకాలు పూర్తిగా పోయింది. ఆపరేషన్ అయింది, డబ్బు మేడం చెప్పిన చోటే ఉంది, అందులోంచే కట్టాను. మా అవసరాలకు ఇప్పటికీ సరిపోతోంది. అన్న ప్లాటు డబ్బంతా పెట్టిన కంపెనీ రెండేళ్ళు కూడా నిలబడలేదు. ముందు ప్యాకెట్లు రావడం ఆగింది, తర్వాత ఫోన్లు ఆగాయి, తర్వాత ఆరో అంతస్తులో వేరే బోర్డు వచ్చింది. మోసమా, నష్టమా అనేది తేలలేదు. మూడో ప్రశ్నకు జవాబు మాత్రం తేలిపోయింది, దారి లేదు.

అప్పటినుంచి నాకు కొత్త భయం, అన్న ఎదురుపడతాడని. యూసుఫ్‌గూడ మీదుగా పోవాల్సిన చోటికి చుట్టూ తిరిగి పోయేవాణ్ణి. ఫోను ఎత్తకుండా, పనిలో ఉన్నానని మెసేజ్ పెట్టేవాణ్ణి.

పోయిన నెల ఆదివారం చర్చి నుంచి వచ్చి చూస్తే అన్న మా గుమ్మంలో ఉన్నాడు. మెడలో విజిల్. అంకుల్‌లా పార్కింగ్ పనిలో చేరాడనుకున్నాను. కాదు, ఒక ప్రైవేటు స్కూల్లో ఆటల సారుగా చేరాడట, పొద్దున పిల్లలకు పోటీలుంటే అటునుంచి అటే వచ్చాడట. చాప మీద కూర్చున్నాం. అమ్మ చాయ్ ఇచ్చింది. నేను ఇక ఆగలేకపోయాను. అమ్మ బైబిల్లో దాచిన ఆ కాగితం తీసి ఆయన చేతిలో పెట్టాను.

అన్న నెమ్మదిగా మూడూ చదివాడు. "ఇది ఎప్పటిది?" అనడిగాడు.

"సంతకానికి రెండ్రోజుల ముందటిది."

"ఆ రోజు నీ జేబుల ఉండెనా?"

"ఉండె అన్నా."

కోప్పడతాడని, కొడతాడని కాచుకుని కూర్చున్నాను. కొట్టినా బాగుండేది.

"మరి గుంజలేదేందిరా?" అన్నాడు.

"భయమైంది అన్నా," అన్నాను.

ఆయన కాగితాన్ని ఉన్న మడతల మీదే మడిచి నాకిచ్చాడు. చాయ్ పూర్తిగా తాగాడు. వదిన ఎదురుచూస్తుంటుందని లేచాడు. గుమ్మం దాకా పంపుదామని నేనూ లేవబోయాను. చాప మీద నుంచి లేవడం నాకిప్పుడు అంత తేలిక కాదు, మోకాలు సగంలో పట్టేసింది. గోడ కోసం తడుముకుంటుంటే అన్న వెనక్కి వచ్చి చెయ్యిచ్చాడు. పట్టుకోవడానికి భయపడ్డాను, ఆయనే పట్టుకుని గుంజాడు. నేను రెండు కాళ్ళ మీదా సరిగ్గా నిలబడేదాకా వదల్లేదు.